పదును ఎరిగిన చేతులు: లక్క నుండి ప్లాస్టిక్ గుళికల వరకు ఆభరణ నిర్మాణ చరిత్ర

తెలుగులో ‘గాజు’ అన్న మాట ఒక పదార్థానికీ, ముంజేతికి ధరించే ఆభరణానికీ పేరు. సంస్కృత ‘కాచ’ శబ్దానికి చెందిన ఈ మాట పదార్థం నుండి ఆభరణానికి పాకి అక్కడే స్థిరపడింది. ఆ తరువాత చేతికి తొడిగే వలయం దేనితో చేసినా గాజే అయింది. బంగారు గాజులు, లక్క గాజులు, ప్లాస్టిక్ గాజులు అనే సమాసాలను మాటకు మాటగా విడదీస్తే ప్రతిదీ వింతగానే తోస్తుంది. చివరికి అసలు గాజుతో చేసిన వాటిని వేరుచేసి చెప్పడానికి ‘మట్టిగాజులు’ అనవలసి వచ్చింది. ‘ప్లాస్టిక్’ అన్న మాట నడక ఇందుకు విరుద్ధం. ‘మలచడానికి వీలైనది’ అనే అర్థమున్న గ్రీకు మాట దానికి మూలం. అంటే అది మొదట పదార్థానికి కాక ఒక గుణానికి పేరు. గుణవాచకం పదార్థ నామంగా మారిన తరువాత, ఆ గుణం ప్లాస్టిక్ కంటే ఎంతో ముందే మరికొన్ని పదార్థాల్లో ఉండేదన్న సంగతి మరుగున పడింది.

ఆభరణ చరిత్రను సాధారణంగా పదార్థాల వరుసగా రాస్తారు: బంగారం, వెండి, దంతం, గాజు, లక్క, చివర ప్లాస్టిక్. ఈ వరుసలో చివరిదానికి ‘నకిలీ’ అన్న ముద్ర ముందే పడి ఉంటుంది. వేడి తగిలితే మెత్తబడి, చేతితో మలచడానికి లొంగి, చల్లారితే గట్టిపడే పదార్థాలను ఒక వంశంగా చూస్తే ఈ వరుస తారుమారవుతుంది. నేడు వేడినీటిలో వేసి మెత్తబరచి నగలు, అలంకరణ వస్తువులు చేసుకునే ప్లాస్టిక్ గుళికలకు అతి దగ్గరి పూర్వులు కర్మాగారపు ప్లాస్టిక్ వస్తువులు కావు, లక్క, గట్టాపర్చా. ఈ వంశంలో తరం మారినప్పుడల్లా చేతిపని వారి జ్ఞానానికి ఏమి జరిగిందన్నదే ఇక్కడి పరిశీలనాంశం.

లక్క: పేరు, పదార్థం

మోదుగ, రేగు వంటి చెట్ల లేత కొమ్మలపై గుంపులుగా బతికే చిన్న కీటకం స్రవించే సర్జమే లక్క. సంస్కృత ‘లాక్షా’ శబ్దం ప్రాకృతం మీదుగా తెలుగులో ‘లక్క’ అయింది. అథర్వవేదం ఐదవ కాండలోని ఒక సూక్తం లాక్షను గాయాలు మాన్పే ఓషధిగా స్తుతిస్తుంది. తెలుగు పాఠకుడికి లక్క అనగానే గుర్తుకు వచ్చేది నన్నయ తెనిగించిన ఆదిపర్వంలోని లక్క ఇల్లు. అక్కడ కథకు పనికివచ్చింది లక్కకు నిప్పంటుకునే గుణం మాత్రమే. మెత్తబడే గుణాన్ని కావ్యం పట్టించుకోలేదు. దాన్ని గుర్తుంచుకున్నది వృత్తులు. లోపల గుల్లగా ఉండే బంగారు నగలకు సొట్టలు పడకుండా కంసాలి లక్క నింపాడు. పాత నగ అమ్మకానికి వచ్చినప్పుడు లక్క తీసి తూచాలా, తూచి తరుగు తీయాలా అన్న వాదం ఈ అలవాటు వెంట వచ్చినదే. ఉత్తరాల మూతలపై లక్క ముద్ర పడింది. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణిపై తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఒత్తి పట్టుకుంటారు. రాపిడి వల్ల పుట్టిన వేడికే లక్క కరిగి కర్రపై పూతగా పరుచుకుంటుంది. పిల్లలు ఆడుకునే లక్కపిడతల నునుపు ఆ వేడి చలవే.

చాలాకాలం లక్క నుండి ప్రధానంగా ఆశించింది సర్జాన్ని కాదు, ఎర్ర రంగును. స్త్రీలు పాదాలకు అలంకరించుకునే లత్తుక పేరు కూడా ‘అలక్తక’ శబ్దం నుండి వచ్చినదే. 1781లో జేమ్స్ కెర్ లక్క పురుగుపై లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసం ప్రచురించాడు. ఆ తరువాతి దశాబ్దాల్లో ఐరోపా మార్కెట్‌కు వెళ్ళిన లక్కలో రంగుదే పెద్ద విలువ. 1856 తరువాత కృత్రిమ రంగులు వచ్చి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. అప్పటిదాకా రెండవ స్థానంలో ఉన్న సర్జం ముందుకు వచ్చింది. మెరుగుపూతలు, విద్యుత్ పరికరాలు, తరువాత గ్రామఫోన్ రికార్డులు దాన్ని కోరాయి. రసాయన పరిశ్రమ ఒక చేత్తో లక్కను నష్టపరుస్తూ మరో చేత్తో పోషించిన విచిత్ర ఘట్టమిది.

ఈ గిరాకీకి సరుకు తయారైన తీరును కూడా గమనించాలి. మీర్జాపూర్ వంటి కేంద్రాల్లో శుభ్రపరచిన లక్క గింజలను పొడవాటి గుడ్డ సంచిలో నింపి, బొగ్గుల పొయ్యి ముందు మెలితిప్పుతూ కరిగించి వడకట్టేవారు. కారిన ముద్దను మరో పనివాడు నిప్పుసెగ ఎదుట నిలబడి, చేతులతో, కాళ్ళతో, పళ్ళతో పట్టి పలుచని రేకుగా సాగదీసేవాడు. ప్రపంచ మార్కెట్‌లో ‘షెల్లాక్’ పేరుతో అమ్ముడైన ఆ మెరిసే పలుకులకు వేడిని కొలిచిన పరికరం ఒక మనిషి దేహం.

హైదరాబాదు లక్క గాజు

చార్మినార్ నుండి పడమరగా సాగే లాడ్ బజారులో లక్క గాజుల తయారీ నేటికీ సాగుతోంది. పని చూడడానికి సులువు. లక్కను బొగ్గుల కుంపటిపై మెత్తబరచి, రంగు కలిపి పిసుకుతారు. ముద్దను కడ్డీగా దొర్లించి, కొలతకు కోసి, వలయంగా వంచి, కొసలు వేడిచేసి అతుకుతారు. మళ్ళీ సెగ చూపి, పైపొర మెత్తబడగానే రాళ్ళు, అద్దాలు, పూసలు ఒక్కొక్కటిగా పొదుగుతారు. వేడెక్కిన లక్కే వాటిని పట్టి ఉంచుతుంది.

కష్టం లక్క స్వభావంలో ఉంది. సుమారు 65 డిగ్రీల సెల్సియస్ దాటాక అది మెత్తబడడం మొదలై, 75–80 డిగ్రీల ప్రాంతంలో కరుగుతుంది. ఎక్కువసేపు వేడి తగిలితే దాని అణువులు ఒకదానితో ఒకటి బంధించుకుని, మళ్ళీ ఎంత కాచినా కరగని ముద్దగా మారుతుంది. తక్కువ వేడికి పగులుతుంది, ఎక్కువ వేడికి మొండిబారుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న ఇరుకైన స్థితికి తెలుగులో ‘పదును’ కంటే తగిన మాట లేదు. దున్నడానికి అనువైన నేల తడికీ, కత్తి అంచుకూ వాడే ఈ మాటలో ‘పనికి సిద్ధమైన స్థితి’ అన్న అర్థం ఉమ్మడిగా ఉంది. కుంపటికి హద్దు లేదు. నిప్పు ఎంతవరకు చాలునో నిర్ణయించేది వేళ్ళ కొసలే.

హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఏటికొప్పాక బొమ్మలకు అది 2017లోనే దక్కింది. ఈ గుర్తింపు స్థలాన్నీ, పేరునూ, తయారీ పద్ధతినీ నమోదు చేస్తుంది. కుంపటి ముందు కూర్చున్న వ్యక్తి ఏ క్షణంలో ముద్దను సెగ నుండి తీస్తాడన్నది ఏ పత్రంలోనూ ఇమడదు. ఇది ఆ చట్టంలోని లోపం కాదు. చేతి జ్ఞానాన్ని పదార్థం పేరుతోనో ఊరి పేరుతోనో మాత్రమే గుర్తించే మన అలవాటుకు అది ప్రతిబింబం.

గట్టాపర్చా, సెల్యులాయిడ్, బేకలైట్

వేడినీటితో మలిచే పద్ధతికి సూటి పూర్వరూపం ఆగ్నేయాసియాలో కనిపిస్తుంది. గట్టాపర్చా అనే చెట్టు పాలు గడ్డకట్టాక గట్టిగా ఉంటాయి. వేడినీటిలో వేస్తే చేతితో మలచగలిగేంత మెత్తబడతాయి. మలయా ప్రాంతంలో దీనితో పిడులు, కొరడాలు చేసేవారు. సింగపూర్‌లో వైద్యుడిగా పనిచేసిన విలియం మాంట్‌గొమరీ 1843లో దీని నమూనాలను లండన్ పంపాడు. 1851లో ఇంగ్లండు–ఫ్రాన్సుల నడుమ పరచిన సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగకు తొడుగు గట్టాపర్చాయే. విక్టోరియా కాలపు ఇంగ్లండులో మృతుల స్మృతికి ధరించే నల్లని నగలు కూడా దీనితో చేశారు. గాలి తగిలిన గట్టాపర్చా కాలక్రమంలో పెళుసుబారుతుంది కాబట్టి ఆ నగల్లో చెక్కుచెదరనివి అరుదు. తీగల కోసం లెక్కలేనన్ని చెట్లు నేలకూలాయి. మలయా చేతిపని వారి పరిజ్ఞానం సామ్రాజ్య అవసరంగా మారిన ఈ ఘట్టాన్ని ప్లాస్టిక్ చరిత్రలు ఒకటి రెండు వాక్యాల్లో దాటవేస్తాయి.

అమెరికాలో 1854లో శామ్యూల్ పెక్ షెల్లాక్‌కు రంపపు పొట్టు కలిపి, వేడి అచ్చుల్లో ఒత్తి, ఫొటోలు దాచుకునే అందమైన పెట్టెల తయారీకి పేటెంట్ పొందాడు. మన లక్క అప్పటికే అచ్చుపోత ప్లాస్టిక్‌గా పనిచేసిందనడానికి ఇదొక్కటే చాలు. 1862 లండన్ ప్రదర్శనలో అలెగ్జాండర్ పార్క్స్ చూపిన పార్కెసీన్, ఆ దశాబ్దం చివర జాన్ వెస్లీ హయట్ రూపొందించిన సెల్యులాయిడ్ ఈ దారిలో వచ్చినవే. దువ్వెనలు, గాజులు, జడ పిన్నులుగా మారిన సెల్యులాయిడ్ దంతాన్నీ తాబేటి చిప్పనూ అనుకరించింది. ‘నకిలీ’ అన్న మాట ప్లాస్టిక్‌కు గట్టిగా అంటుకున్నది ఇక్కడే.

1907లో లియో బేకలండ్ కనిపెట్టిన బేకలైట్ మరో మలుపు. అతడు వెతికింది లక్కకు ప్రత్యామ్నాయం. దొరికినది లక్కకు లేని స్థిరత్వం ఉన్న పదార్థం. ఒకసారి వేడిలో గట్టిపడితే అది మళ్ళీ మెత్తబడదు. లక్కను పనివాడు ఏ స్థితిలో చెడిపోయిందనుకుంటాడో, బేకలైట్‌లో అదే గుణంగా మారింది. 1920–30ల నాటి ఫినాలిక్ గాజులను పోత పోసిన గొట్టాల నుండి కోసి, కర్రలాగా చెక్కి, మెరుగుపెట్టారు. వేళ్ళతో మలచడం ఆ నగల చరిత్రలో లేదు. పదును నిర్ణయం యంత్రానికీ, రసాయన సూత్రానికీ వెళ్ళిపోయింది. ఈ పోటీ నడుమ 1924లో రాంచీ సమీపంలోని నామ్‌కుమ్‌లో లక్క పరిశోధన సంస్థ ఏర్పడడం యాదృచ్ఛికం కాదు. కృత్రిమ సర్జాలు తరుముకొస్తున్న వేళ సహజ సర్జం తన్ను తాను శాస్త్రీయంగా సమర్థించుకోవలసి వచ్చింది.

వేడినీటి గుళికలు

వేడి తగిలితే లొంగే గుణం చేతికి మళ్ళీ దక్కింది పాలీకాప్రోలాక్టోన్‌తో. వాలస్ కరోథర్స్, అతని సహచరులు 1934లో దీని గురించి ప్రచురించారు. ఆ బృందం వెతుకుతున్నది నేత దారానికి పనికివచ్చే పాలిమర్. సుమారు 60 డిగ్రీలకే కరిగే పదార్థంతో బట్ట నేస్తే వేడినీటి ఉతుకుకు నిలవదు. ఈ కుటుంబపు పాలియెస్టర్లను పక్కనబెట్టి వారు నైలాన్ దారి పట్టారు. బట్టకు దోషమైన ఆ తక్కువ ద్రవీభవన స్థానమే తరువాత దీన్ని నిలబెట్టింది. విరిగిన ఎముకలకు, కీళ్ళకు రోగి ఒంటిపైనే మలిచి తొడిగే కట్లలో ఇది చేరింది. ఆపైన బ్రిటన్ బడుల్లో ‘పాలీమార్ఫ్’ పేరుతో, అమెరికాలో ‘ఇన్‌స్టామార్ఫ్’ వంటి పేర్లతో హస్తకళల సామగ్రిగా అమ్ముడైంది.

పని విధానం ఇది. తెల్లని గుళికలను వేడినీటిలో పోస్తే కాసేపటికి అవి పారదర్శకమై ఒకదానికొకటి అంటుకుంటాయి. తెలుపు పోవడమే పదునుకు గుర్తు. ముద్దను పుల్లతో తీసి, లోపల చిక్కిన నీటిని ఒత్తి, పొడి రంగు కలిపి పిసుకుతారు. పైపూతగా వేసిన రంగు పెచ్చులుగా లేస్తుంది. ముద్దలో కలిపినది నిలుస్తుంది. సన్నని కడ్డీ చుట్టూ చుడితే పూస అవుతుంది, ఆకుపై ఒత్తితే ఈనెల అచ్చు పడుతుంది, రాయిని ఆనించి అంచులు మూస్తే పొదుగు తయారవుతుంది. వేడి ముద్ద ఇతర ప్లాస్టిక్‌లకు అంటుకుంటుంది కాబట్టి గాజు పలక మీదనో తడిచేతులతోనో పనిచేస్తారు. చల్లారితే మళ్ళీ తెల్లబడి నైలాన్‌లా గట్టిపడుతుంది. నచ్చకపోతే తిరిగి నీటిలో వేయవచ్చు.

లాడ్ బజారు పనితో పోల్చితే అడుగులు దాదాపు ఒకటే: మెత్తబరచడం, రంగు పిసకడం, దొర్లించడం, వంచడం, పొదగడం. మెత్తబడే ఉష్ణోగ్రతలు కూడా దగ్గరదగ్గరే. తేడా వేడినిచ్చే మాధ్యమంలో ఉంది. కుంపటి సెగకు పైహద్దు లేదు. నీరు 100 డిగ్రీలు దాటదు. ఆ వేడికి ఈ పాలిమర్ చెడదు. లక్క పనివాడి వేళ్ళలో ఏళ్ళ తరబడి పేరుకునే నిర్ణయాన్ని ఇక్కడ గిన్నెలోని నీరూ, రంగు మారే గుళికా పంచుకుంటాయి. కనుకనే ఇది బడి పిల్లలకు అందింది. ఈ కారణానికే దీని చుట్టూ వృత్తి కట్టుబాట్లు గల సమూహమేదీ ఇంకా ఏర్పడలేదు. ఇది కళకు పతనమని తీర్పు చెప్పడం తొందరపాటు. పదును ఎరగడం తేలికైన చోట రూపకల్పన మిగిలే ఉంటుంది. కాని లక్క గాజు ధరలో కొనుగోలుదారు చెల్లించే భాగం ఏ జ్ఞానానికన్న ప్రశ్నను ఈ పోలిక తప్పించుకోనివ్వదు.

‘సహజం–కృత్రిమం’ విభజన కూడా ఇక్కడ తేలికగా నిలవదు. పాలీకాప్రోలాక్టోన్ పెట్రోరసాయనాల నుండి పుట్టింది, అయినా నేలలోని సూక్ష్మజీవులు దాన్ని నెమ్మదిగా విడగొట్టగలవు. కీటకం ఇచ్చిన లక్క శుద్ధ సహజం, అయినా దాన్ని ప్రపంచానికి అందించినది పొయ్యి ముందు ఒళ్ళు కాల్చుకున్న శ్రమ. మన్నికలో రెండింటికీ ఒకే బలహీనత ఉంది. వేసవిలో ఎండన నిలిపిన కారులో మరచిన గుళికల నగ వంగిపోతుంది; లక్క గాజునూ పొయ్యి పక్కన ఉంచరు. ఆ బలహీనతే వాటికి మరో వెసులుబాటు ఇచ్చింది. పగిలిన మట్టిగాజును ఎవరూ అతకలేరు, చెక్కిన బేకలైట్ గాజును సాగదీయలేరు. చేతికి బిగుతైన లక్క గాజును మళ్ళీ సెగ చూపి, అతుకు విడదీసి, మరికొంత లక్క చేర్చి కొత్త కొలతకు మార్చవచ్చు.