ఎట్టయపురంలో అచ్చయిన తెలుగు పుస్తకం



మన ఇళ్ళలో చాలామంది పిల్లలు పాట నేర్చుకుంటున్నారు, సంతోషం. త్యాగయ్య మనవాడని అందరూ గర్వంగా చెప్తారు. ముత్తుస్వామి దీక్షితుల దగ్గరికి వచ్చేసరికి, "ఆయనది సంస్కృతం కదా, మనకేం సంబంధం?" అంటారు. సంబంధం ఉంది. కోవిల్‌పట్టి స్టేషన్‌లో దిగి తూర్పుకు బస్సు ఎక్కితే పదిహేను కిలోమీటర్లలో వస్తుంది. ఆ ఊరు ఎట్టయపురం.

తమిళ బళ్ళో చదివిన మాకు అది భారతియార్ పుట్టిన ఊరు, అంతే. ఆ జమీందార్లు తెలుగు మాట్లాడే రాజకంబళం నాయకర్లని ఏ పాఠంలోనూ రాలేదు.

తిరువారూరులో పుట్టిన దీక్షితులు 1835లో దీపావళి నాడు ఎట్టయపురంలోనే కన్నుమూశారు. సమాధి అక్కడే ఉంది. తమ్ముడు బాలుస్వామి ఆ ఆస్థాన విద్వాంసుడు. మన సంగీతంలోకి ఫిడేలు తెచ్చింది ఈయనే అంటారు. ఆయన తన కూతురి కొడుకునే దత్తత తీసుకున్నారు. ఆ పిల్లవాడే సుబ్బరామ దీక్షితులు.

ఈ సుబ్బరామ దీక్షితులు రాసిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో ఎట్టయపురం విద్యావిలాసిని ప్రెస్సులో అచ్చయింది. భాష తెలుగు, లిపి తెలుగు. రెండు సంపుటాలు, పదిహేడు వందలకు పైగా పేజీలు. దీక్షితుల కృతులు రెండు వందలకు పైగా స్వరాలతో ఉన్నాయి. స్వరం ఊగాలా, జారాలా అన్నదానికి కూడా గుర్తులు పెట్టారు. వాగ్గేయకారుల చరిత్రలు వేరే. ఇదంతా తిరునెల్వేలి సీమలో జరిగింది!

ఈ పని చేయించడానికి పట్టుబట్టినవారు చిన్నస్వామి ముదలియార్ అనే తమిళ క్రైస్తవుడు. మన పాటలను పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించాలని పాటుపడిన మనిషి. కంటిచూపు తగ్గిపోతుంటే, జమీందారు దగ్గరికి పోయి, ఈ విద్య పోకముందే రాయించండి అని అడిగారు. పుస్తకం అచ్చయి వచ్చేనాటికి ఆయన లేరు. సుబ్బరామ దీక్షితులు కూడా 1906లో పోయారు.

మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1961 నుంచి విడతలుగా దీన్ని తమిళంలో వేసింది. గొప్ప పని, మా బోటివాళ్ళకు అదే దిక్కు. కానీ తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకే అక్షరం. త, థ, ద, ధ కూడా అంతే. గతి అని రాసినా గది అని రాసినా కంటికి ఒకటే. నెత్తిన చిన్న అంకెలు వేస్తారు, పిల్లలు వాటిని చూడరు. భావం పావమై, బావ కూడా అయిపోతుంది. పక్కవాళ్ళు నవ్వరు, ఎందుకంటే వాళ్ళకూ తెలియదు. మనకు తెలియాలి కదా?

దీక్షితుల పాట కష్టం అని భయపడేవాళ్ళు నోట్టుస్వరాలతో మొదలుపెట్టవచ్చు. ఇంగ్లీషు బ్యాండు మెట్లకు ఆయన కట్టిన చిన్న పాటలు అవి. 'శక్తిసహిత గణపతిం' అయిదేళ్ళ పిల్లకు కూడా వస్తుంది. తరువాత ఒక రాగం పట్టుకుని, అందులో ఒకే కృతిని నెల రోజులు వినండి. పది పాటలు కలిపి వింటే ఒక్కటీ నిలవదు.

ఆదివారం పాట క్లాసు ముందు అరగంట తెలుగు అక్షరాలు చెప్పించాలని నా విన్నపం. పలకలు నేను తెస్తాను. ఇష్టమున్నవాళ్ళు వచ్చే మీటింగులోపు పిల్లల పేర్లు ఇవ్వండి.