రెండు పేర్ల ప్రొటీన్

క్రషింగ్ సీజన్ మొదలైందని ఉయ్యూరులో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. బెజవాడ నుంచి బందరు రోడ్డు మీద వస్తుంటే, ఊరు కనపడకముందే షుగర్ ఫ్యాక్టరీ వాసన బస్సెక్కేస్తుంది. తియ్యగా మొదలై, పులిసి, చివరికి గొంతులో చేదుగా దిగే మొలాసిస్ వాసన. మా తాతయ్య చెరుకు రైతు. ఆయన దాన్ని వాసన అనేవాడు కాదు. "డబ్బులు ఉడుకుతున్నాయిరా" అనేవాడు.

ఆ తాతయ్యకి ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది. ల్యాబ్ రిపోర్టులో పీఎస్ఏ అన్న అక్షరాల పక్కన పెరిగిన అంకె చూసి ఇంట్లో అందరం దిగాలు పడ్డాం. నిజానికి వయసుతో గ్రంథి ఉబ్బినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా ఆ అంకె పెరుగుతుంది. బయాప్సీ అయ్యేదాకా సంగతి తేలదు. ఆ ఎదురుచూపుల్లో కనపడిందల్లా చదువుతూ ఒక ప్రొటీన్ దగ్గర ఆగిపోయాను. దానికి రెండు పేర్లున్నాయి. ఒకటి ముక్కు మీద పనిచేసేవాళ్ళ లెక్క ప్రకారం వచ్చింది, రెండోది క్యాన్సర్ వాళ్ళు పెట్టింది.

ముందు ముక్కు సంగతి. 1991లో కొలంబియా యూనివర్సిటీలో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ ఎలుక ముక్కు లోపలి పొర నుంచి ఒక కొత్త జన్యు కుటుంబాన్ని బయటికి తీశారు. తొలి పేపర్లో చూపించినవి 18. మనుషుల్లో పనిచేసేవి సుమారు 400 అని తర్వాత తేలింది. 2004లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అయితే ఈ జన్యువులు ముక్కు పొరకే పరిమితమని ఆ పేపర్లో రాశారు. ఆ మాట ఏడాది కూడా నిలవలేదు. 1992 జనవరిలోనే బ్రసెల్స్‌లోని మార్క్ పార్మెంటియే బృందం, వీర్యకణాలు తయారయ్యే చోట ఇదే కుటుంబాన్ని చూసింది. వీర్యకణానికి వాసనతో పనేమిటని నవ్వుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. పేరు ముందే పెట్టేస్తే వచ్చే తంటా ఇది. 'వాసన రిసెప్టర్' అన్నాక అది ముక్కులోనే ఉండాలనుకుంటాం.

దాని పని తీరు చూస్తే అంత వింతేం లేదు. ఈ ప్రొటీన్ కణం పొరలోంచి ఏడుసార్లు అటూ ఇటూ దూరి ఉంటుంది. బయట ఒక అణువు వచ్చి తగులుకుంటే లోపలికి కబురు పోతుంది, అంతే. ఆ అణువు గాలిలో వచ్చిందా, రక్తంలో వచ్చిందా అన్నది దానికి పట్టదు. ఇలాంటి ఏడు మెలికల ప్రొటీన్లది పెద్ద వంశం. వాడుకలో ఉన్న మందుల్లో దాదాపు మూడో వంతు పనిచేసేది ఈ వంశం మీదే. తాతయ్య బీపీకి వేసుకునే అటెనొలాల్ కూడా అందులోదే.

రెండో పేరు 2000లో వచ్చింది. ప్రోస్టేట్ కణితుల్లో ఏ జన్యువులు చురుగ్గా ఉన్నాయో వెతుకుతున్నవాళ్ళకి, మామూలు కణజాలం కన్నా కణితిలో ఎక్కువగా ఉన్నదొకటి దొరికింది. ప్రోస్టేట్‌కే ప్రత్యేకమని పీఎస్‌జీఆర్ అన్నారు. పోలికలు చూస్తే అది బక్, ఆక్సెల్ కుటుంబంలోదే. ఆ జాబితాలో దాని పేరు ఓఆర్51ఈ2. అప్పట్నుంచి రెండు ఆశలు: దాన్ని జబ్బుకి గుర్తుగా వాడుకోవచ్చని ఒకటి, మందుకి గురిగా వాడుకోవచ్చని ఇంకొకటి.

రెండో ఆశ దగ్గరే కథ చిక్కుపడింది. 2009లో జర్మనీలో హన్స్ హాట్ బృందం, వయొలెట్ పూల పరిమళంలో ఉండే బీటా-అయోనోన్ ఈ రిసెప్టర్‌కి తగిలితే క్యాన్సర్ కణాల పెరుగుదల నెమ్మదిస్తుందని చూపించింది. పూలవాసనతో క్యాన్సర్‌కి మందు! పేపర్లకి ఇంతకన్నా ఏం కావాలి? 2014లో ఇంకో బృందం అదే అణువు అదే రకం కణాలకి చుట్టుపక్కలకి చొచ్చుకుపోయే గుణం పెంచుతుందని రాసింది. పెరగడం వేరు, పాకడం వేరు. రెండూ నిజమైతే ఆ మందు ఇవ్వడానికి ఏ డాక్టరుకి చెయ్యి వస్తుంది?

అసలు ఆ రిసెప్టర్ ఆకారం తెలిస్తేగా దానికి సరిపడే అణువుని తయారుచేసేది. వాసన రిసెప్టర్లు ల్యాబ్ కణాల్లో ఓ పట్టాన నిలవవు. 2023లో ఈ కుటుంబంలో మనిషి రిసెప్టర్ ఒకటి మొదటిసారి అణువుల స్థాయిలో బొమ్మకట్టింది. అది మన రెండు పేర్లదే. ముక్కు బయట కూడా బతకగలదు కాబట్టే దాన్ని ఎంచుకున్నారు. దాని గూట్లో కూర్చుని కనపడిన అణువు ప్రొపియొనేట్. మన పేగుల్లో బ్యాక్టీరియా పీచుని పులియబెడితే పుట్టేది అదే. చిట్టెలుకల్లో ఈ ప్రొటీన్‌కి జోడైన రిసెప్టర్ మూత్రపిండాల్లో ఉండి, ఇలాంటి ఆమ్లాలు తగిలితే బీపీ సర్దడంలో చెయ్యి వేస్తుందని 2013లోనే జెన్నిఫర్ ప్లజ్నిక్ వాళ్ళు చూపించారు.

ఇదంతా తాతయ్యకి చెప్పాను, హార్మోన్ ఇంజెక్షన్‌కి బెజవాడ తీసుకెళ్తూ. పులిసిన వాసన పట్టే ప్రొటీన్ ఆయన గ్రంథిలో కూడా ఉందని.

"దానికి మందుందా?"

"ఇంకా లేదు తాతయ్యా."

"మరి టెస్టు?"

"ఇప్పటికి పీఎస్ఏనే."

కాసేపు కిటికీలోంచి చూశాడు. ఫ్యాక్టరీ వెనక్కి పోతోంది. "ఈ ఏడు క్రషింగ్ లేటయిందిరా" అన్నాడు.