గాలికుంటు టీకా వెనుక హ్యామ్‌స్టర్ కణాలు

మీరు ఢిల్లీలోని జనక్‌పురిలో ఉంటున్నట్లయితే, తెల్లవారగానే మదర్ డెయిరీ బూత్ దగ్గర నిలబడి పాలు తెచ్చుకొనే ఉంటారు. ఆ పాలు ఎక్కడివో ఎప్పుడైనా ఆలోచించారా? 2020 మార్చిలో రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల ట్యాంకర్లతో ప్రత్యేక రైళ్లు బయలుదేరాయి. అంటే చిత్తూరు జిల్లా పాడిరైతు కష్టం దేశ రాజధాని వంటింటిదాకా చేరిందన్నమాట.

ఆ రైతును భయపెట్టే జబ్బు గాలికుంటు. ఇది సోకిన పశువుకు నోట్లో, గిట్టల మధ్య పొక్కులు లేస్తాయి. చొంగ కారుతుంది, మేత ముట్టదు, కుంటుతుంది. పాలు పడిపోతాయి. లేగదూడలు చనిపోతాయి. దీనికి టీకా ఉంది. అయితే ఆ టీకాకు కావలసిన వైరస్‌ను పెంచడం నేర్చుకోవడానికి శాస్త్రజ్ఞులకు అరవై ఏళ్లకు పైగా పట్టింది.

బాక్టీరియాను ఆపే వడపోతను కూడా ఈ వ్యాధికారకం దాటిపోతుందని జర్మనీలో లోఫ్లర్, ఫ్రోష్ 1898లో చూపారు. జంతువులలో వ్యాధి కలిగించే వైరస్‌ను గుర్తించడం అదే మొదలు. బాక్టీరియాను పోషక ద్రవంలో పెంచవచ్చు. వైరస్ అలా పెరగదు. దానికి జీవకణమే కావాలి. మరి లక్షల డోసులకు సరిపడే జీవకణాలు ఎక్కడ దొరుకుతాయి?

1930ల చివర జర్మనీలో వాల్డ్‌మన్ బృందం పశువులకే జబ్బు అంటించి, వాటి నాలుక పొక్కుల నుంచి టీకా తయారుచేసింది. 1947లో హాలెండ్‌కు చెందిన ఫ్రెంకెల్ మరో మార్గం చూపాడు. కబేళాలో కోసిన పశువుల నాలుకల పైపొరను తెచ్చి, పోషక ద్రవంలో సజీవంగా ఉంచి, అందులో వైరస్‌ను పెంచాడు. పశువుకు జబ్బు అంటించే పని తప్పింది గాని, కబేళా ఎంతో టీకా అంతే! కోట్ల పశువులున్న మన దేశానికి ఆ దారి ఎలా సరిపోతుంది?

శరీరం నుంచి తీసిన మామూలు కణాలకు మరో ఇబ్బంది ఉంది. మనిషి కణాలు సుమారు 50 సార్లు విభజన చెంది ఆగిపోతాయని 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ ప్రకటించారు. అదే ఏడాది గ్లాస్గోలో మెక్‌ఫర్సన్, స్టోకర్ ఒకరోజు వయసున్న హ్యామ్‌స్టర్ పిల్లల మూత్రపిండాల కణాలను పెంచారు. హ్యామ్‌స్టర్ ఎలుకను పోలిన చిన్న జంతువు. ఆ కణాలలో ఒక వరుస ఆగకుండా విభజన చెందుతూనే పోయింది. దాని పేరు బీహెచ్‌కే-21. ఇంగ్లండ్‌లోని పిర్‌బ్రైట్‌లో 1962లో మోవాట్, చాప్‌మన్ అందులో గాలికుంటు వైరస్ చక్కగా పెరుగుతుందని కనుగొన్నారు. గాజు గోడకు అంటుకోకుండా ద్రవంలో తేలుతూ పెరిగే కణాలను కూడా ఆ ఏడాదే అక్కడివారు సాధించారు. దాంతో పెద్ద పెద్ద ట్యాంకులలో కణాలను పెంచే వీలు కలిగింది.

ఈ పద్ధతి మన హైదరాబాదుకూ వచ్చింది. ఢిల్లీలో మదర్ డెయిరీని నెలకొల్పిన జాతీయ పాడి అభివృద్ధి బోర్డే 1982లో ఇక్కడ ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌ను స్థాపించింది. బ్రిటన్‌లోని వెల్‌కమ్ సంస్థ సాంకేతిక సహకారం అందించింది. కణాలను ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల వద్ద దాచుకోవచ్చు. కావలసినప్పుడు బయటికి తీసి, 37 డిగ్రీల వెచ్చదనంలో పెంచి, వైరస్ వేస్తారు. ఒక రోజులోపే కణాలు నశించి, ద్రవమంతా వైరస్‌తో నిండుతుంది. దానిని వడగట్టి, రసాయనంతో నిర్జీవం చేసి, నూనెవంటి సహాయక పదార్థంతో కలిపితే టీకా సిద్ధం.

ఇంతటితో కథ ముగిసిందా? లేదు. ఒక రకం వైరస్‌కు వేసిన టీకా మరో రకాన్ని ఆపదు. అందుకే మన టీకాలో ఓ, ఏ, ఏషియా-1 అనే మూడు రకాలు ఉంటాయి. పెంచే చోట జాగ్రత్త తప్పితే ప్రమాదం కూడా ఉంది. 2007లో పిర్‌బ్రైట్ ఆవరణలోని పాడైన మురుగు గొట్టాల నుంచే వైరస్ బయటపడి, చుట్టుపక్కల పశువులకు సోకింది.

కేంద్ర ప్రభుత్వం 2019లో దేశమంతటా గాలికుంటు టీకా కార్యక్రమం ప్రారంభించింది. టీకా బలం కొన్ని నెలలే ఉంటుంది కనుక మళ్లీ మళ్లీ వేయించాలి. మీ ఊరికి టీకాలు వేసేవారు వచ్చినప్పుడు “పాలు తగ్గుతాయేమో” అని పశువును దాచకండి. ఒకటి రెండు రోజులు పాలు కాస్త తగ్గినా మళ్లీ వస్తాయి. గాలికుంటు సోకితే మాత్రం ఆ ఈతకు పాలమీద ఆశ వదులుకోవలసి రావచ్చు.