టీ షర్టుల బొంత

పిల్లలు హైస్కూలు దాటిన ఏ ఇంట్లోనైనా బేస్‌మెంట్‌లో ఒక అట్టపెట్టె వుంటుంది. సాకర్ టీము, బాండు, స్పెల్లింగ్ బీ, వేసవి క్యాంపు, తెలుగు మహాసభల్లో వాలంటీరు పని - ప్రతిదానికీ ఒక టీ షర్టు. తొడుక్కుందామంటే పట్టవు, పారేద్దామంటే మనసొప్పదు. ఇక్కడి తల్లులు చాలామంది వీటిని చదరపు ముక్కలుగా కత్తిరించి, కలిపి కుట్టి, పిల్లలు కాలేజీకి వెళ్ళేటప్పుడు కప్పుకోవడానికి ఇస్తారు. దాన్ని టీ షర్టు క్విల్ట్ అంటారు. మొదటిసారి చూసినప్పుడు నా నోటి వెంట వచ్చిన మాట మాత్రం "అరె, బొంత!"

బెంగాలీల కాంథా, మరాఠీల గోధడి, మన బొంత - అన్నీ ఒక తీరువే. మా అమ్మమ్మ పాత నేతచీరలు, తాతయ్య పంచెలు నాలుగైదు పొరలుగా నేలమీద పరిచి, పెద్ద సూదితో ఈ చివరినుంచి ఆ చివరికి వరసలుగా కుట్టేది. చిరిగినవి లోపలికి, కాస్త బాగున్నది పైకి. పుట్టిన బిడ్డను పడుకోబెట్టేది దానిమీదే. వందసార్లు ఉతికిన గుడ్డకున్న మెత్తదనం కొత్త గుడ్డకు రాదు కదా!

అమెరికాలో పాతబట్టల బొంతల చరిత్ర తెలుసుకోవాలంటే అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే పల్లె దగ్గర ఆగాలి. మూడు వైపులా అలబామా నది. అక్కడి నల్లవారిలో చాలామంది పెట్‌వే అనే భూస్వామి పత్తితోటలో బానిసలుగా బతికినవారి సంతతి. ఇంటిపేరు కూడా ఆయనదే మిగిలింది. కట్టె ఇళ్ళ సందుల్లోంచి చలిగాలి కొట్టేది. పొలంలో తొడిగి అరిగిపోయిన డెనిమ్ పాంట్లు, చొక్కాలు, పిండి సంచులు - ఏవి వుంటే వాటితోనే కుట్టారు. వెలిసిపోయిన పాంటు గుడ్డమీద, జేబు ఊడదీసిన చోట మాత్రం నీలం ముదురుగా నిలిచిపోయి కనిపిస్తుంది. 1942లో భర్త పోయాక మిజూరీ పెట్‌వే అనే ఆవిడ, ఆయన పనిబట్టలన్నీ కత్తిరించి బొంత కుట్టుకుంది. ఆయన గుర్తుగా, ఆయన ప్రేమ కింద పడుకోవడానికని తల్లి చెప్పిన సంగతి కూతురు అర్లోంజియా తర్వాత అందరితో పంచుకుంది.

ఈ ఊరివాళ్ళు ఓటు హక్కు కోసం నది దాటి కామ్‌డెన్ పట్నానికి వెళ్ళడం మొదలుపెట్టాక, 1962లో పడవ ఆపేశారు. అది మళ్ళీ నడిచింది 2006లో! మధ్యలో 1966లో చుట్టుపక్కల స్త్రీలు కలిసి ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకుని, బొంతలమ్మి నాలుగు డబ్బులు చూశారు. 2002లో వారి బొంతలు హ్యూస్టన్‌లోనూ, న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోనూ గోడకెక్కాయి. 2006లో వాటిమీద పది తపాలా బిళ్ళలు వచ్చాయి.

టీ షర్టు కథ చిన్నది. 1913 ప్రాంతంలో అమెరికా నౌకాదళం నావికులకిచ్చిన లోపలి చొక్కా అది. 1951లో ఒక సినిమాలో మార్లన్ బ్రాండో దాన్నే పైచొక్కాగా తొడిగి కనిపించాక కుర్రకారు ఎగబడ్డారు. తర్వాత దానిమీద అచ్చువేయని పేరు లేదు. మనిషి గుర్తు మోసే గుడ్డ అయింది కనుకనే, ఎయిడ్స్‌తో పోయినవారి కోసం శాన్‌ఫ్రాన్సిస్కోలో క్లీవ్ జోన్స్ మొదలుపెట్టిన స్మారక క్విల్ట్‌లోకి కూడా టీ షర్టులు చేరాయి. ఒక్కొక్కరికి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గుడ్డ, అంటే ఒక సమాధి కొలత. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో పరిచినప్పుడు అవి 1,920.

మన బొంతలకు మ్యూజియం యోగం పట్టలేదు. మిల్లు రగ్గులు, ఫోమ్ పరుపులు వచ్చాక బొంత వున్న ఇల్లంటే లేనివాళ్ళ ఇల్లని నామోషీ పట్టుకుంది మనకు. అమ్మమ్మ కుట్టిన ఆఖరి బొంతను ఒక ఏడాది భోగిమంటలో వేశాం. వేసిన చేతుల్లో నావీ వున్నాయి.

కిందటేడు మా అమ్మాయి టీ షర్టులు తీసి కూర్చున్నాను. చీరలా కాదు, ఈ గుడ్డ సాగుతుంది. ఇస్త్రీపెట్టెతో అంటుకునే పలచటి గుడ్డ వెనక వేస్తేగానీ ముక్క చదరంగా నిలవదు. ఆ సంగతి తెలియక మొదటి రెండూ పాడుచేశాను. పదిహేను అంగుళాల ముక్కలు ఇరవై. మధ్యలో దూది పొర. అడుగున మా అమ్మ కట్టి వదిలిన వెంకటగిరి చీర. అమ్మాయి డార్మ్‌కి పట్టుకెళ్ళింది. చన్నీళ్ళలోనే ఉతకమని చెప్పి పంపాను. వింటోందో లేదో!