రేడియోఎంబొలైజేషన్

రేడియోఎంబొలైజేషన్ అనునది కాలేయ కాన్సర్‌కు శరీరం లోపలి నుండి చేసే రేడియేషన్ చికిత్స. ఇందులో యిట్రియం-90 అనే రేడియోధార్మిక మూలకం కలిగిన సూక్ష్మగోళాలను కాలేయ ధమని ద్వారా నేరుగా కణితిలోనికి పంపుతారు. ఆసుపత్రులలో దీనిని వాడుకగా "వై-90 చికిత్స" అంటారు. ఇది ఒక్క రోజులో ముగిసే చికిత్స కాదు. దీనికి రెండు దశలు ఉన్నాయి. మొదటి దశలో పరీక్షలు, రెండవ దశలో చికిత్స జరుగుతాయి. ఈ రెండింటి మధ్య రోగి కుటుంబం చేసుకునే సన్నాహాలు చికిత్స సాఫీగా జరగడానికి ఎంతో తోడ్పడతాయి.

పనిచేసే విధానం

కాలేయానికి రక్తం రెండు మార్గాలలో చేరుతుంది. సుమారు నాలుగింట మూడు వంతుల రక్తం పేగుల నుండి వచ్చే కాలేయ నిర్వాహక సిర ద్వారాను, మిగిలినది కాలేయ ధమని ద్వారాను అందుతుంది. కాన్సర్ కణితులు మాత్రం తమకు కావలసిన రక్తాన్ని ఎక్కువగా ధమని నుండే తీసుకుంటాయి. ఈ తేడాయే చికిత్సకు ఆధారం. ధమనిలోకి వదిలిన గోళాలలో అధిక భాగం కణితికి చేరి అక్కడి సన్నని రక్తనాళాలలో చిక్కుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న కాలేయ భాగానికి తక్కువ రేడియేషన్ తగులుతుంది.

ఈ గోళాలను గాజుతోను, రెజిన్‌తోను తయారు చేస్తారు. గాజు గోళాల వ్యాసం 20 నుండి 30 మైక్రాన్లు, రెజిన్ గోళాలది 20 నుండి 60 మైక్రాన్లు. యిట్రియం-90 బీటా కణాలను విడుదల చేస్తుంది. ఇవి కణజాలంలో సగటున 2.5 మిల్లీమీటర్లు, గరిష్ఠంగా 11 మిల్లీమీటర్ల దూరం మాత్రమే ప్రయాణిస్తాయి. దీని అర్ధ జీవితకాలం సుమారు 64 గంటలు. 11 రోజులు గడిచేసరికి రేడియేషన్‌లో దాదాపు 94 శాతం వెలువడిపోతుంది. గోళాలు శరీరంలోనే ఉండిపోతాయి గాని వాటి వలన తరువాత హాని ఉండదు.

భారతదేశంలో గాజు గోళాలను భాభా అణు పరిశోధన కేంద్రం "భాభాస్ఫియర్" పేరుతో రూపొందించింది. రేడియోధార్మిక పదార్థాలను వాడే ఆసుపత్రులకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి తప్పనిసరి.

ఎవరికి చేస్తారు

శస్త్రచికిత్సతో తొలగించడానికి వీలుకాని కణితులు ఉన్నవారికి, కణితి కాలేయ నిర్వాహక సిర శాఖలలోకి పాకినవారికి, కాలేయ మార్పిడి కోసం వేచి ఉన్నవారికి ఈ చికిత్సను పరిశీలిస్తారు. కాలేయ కాన్సర్ రోగులలో చాలామందికి హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, మద్యపానం లేదా కొవ్వు కాలేయం వలన ముందే సిర్రోసిస్ వచ్చి ఉంటుంది. అందువలన కణితి పరిమాణంతో పాటు మిగిలిన కాలేయం శక్తిని కూడా చూస్తారు. రక్తంలో బిలిరుబిన్ 2 మిల్లీగ్రాములు దాటినా, పొట్టలో నీరు అదుపు లేకుండా చేరుతున్నా ఈ చికిత్స ప్రమాదకరం కావచ్చును. గర్భిణీలకు దీనిని చేయరు.

మొదటి దశ: పరీక్షలు

గజ్జ వద్ద గాని మణికట్టు వద్ద గాని ధమనిలోకి సన్నని గొట్టాన్ని పంపి కాలేయ రక్తనాళాల చిత్రాలు తీస్తారు. గోళాలు కడుపు, పేగుల వైపు వెళ్ళే అవకాశం ఉన్న రక్తనాళాన్ని అవసరమైతే చిన్న లోహపు చుట్టలతో మూసివేస్తారు. ఆపై టెక్నీషియం-99ఎం కలిపిన ఆల్బుమిన్ కణాలను ధమనిలోకి వదలి స్కానింగ్ చేస్తారు. కణాలలో ఎంత భాగం ఊపిరితిత్తులకు చేరుతుందో దీనివలన తెలుస్తుంది. ఒక చికిత్సలో ఊపిరితిత్తులకు 30 గ్రేలకు మించి రేడియేషన్ అందకూడదు. ఈ పరీక్ష తరువాత కొందరికి చికిత్స తగదని తేలవచ్చును. అది పరీక్ష విఫలమైనట్లు కాదు. హాని జరగక ముందే దానిని పసిగట్టడమే ఈ దశ ప్రయోజనం.

కుటుంబ సభ్యుల సన్నాహాలు

పరీక్షకు, చికిత్సకు మధ్య సాధారణంగా ఒకటి రెండు వారాల వ్యవధి ఉంటుంది. ఈ లోగా చేయవలసిన పనులు:

* పాత స్కానులు, రక్తపరీక్షలు, ఎండోస్కోపీ నివేదికలను తేదీల వారీగా ఒకే ఫైలులో ఉంచాలి.
* వాడుతున్న మందులన్నింటి జాబితా వ్రాసుకోవాలి. రక్తాన్ని పలుచన చేసే మందులు, మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ విషయంలో వైద్యుని సలహా అవసరం. ఆయుర్వేద, యునానీ మందులు వాడుతున్నా దాచకుండా చెప్పాలి.
* గతంలో స్కానింగ్ రంగు మందు పడకపోయి ఉంటే ముందుగా తెలియజేయాలి.
* అంగీకార పత్రాన్ని రోగికి అర్థమయ్యే భాషలో, తెలుగులో గాని ఉర్దూలో గాని, చదివి వినిపించమని అడగాలి.
* ఖర్చు, బీమా వివరాలను ముందే తేల్చుకోవాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. అయితే ఏ చికిత్సకైనా ముందస్తు అనుమతి ఉన్నదో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి.
* జ్వరం, కామెర్లు, పొట్ట ఉబ్బరం కనిపిస్తే చికిత్స రోజు వరకు ఆగకుండా తెలపాలి. గోళాలను ఒక్కొక్క రోగికి లెక్కకట్టి, నిర్ణీత తేదీకి తెప్పిస్తారు. రోజులు గడిచే కొద్దీ వాటి శక్తి తగ్గిపోతుంది.

సిర్రోసిస్ ఉన్నవారు ఎక్కువసేపు ఆహారం లేకుండా ఉంటే కండరాలు క్షీణిస్తాయి. కనుక రంజాన్ మాసంలో గాని, ఇతర ఉపవాస దినాలలో గాని వైద్యుని అడిగి నిర్ణయించుకోవడం మంచిది.

హైదరాబాదు పాతబస్తీలో

ఈ చికిత్సకు యాంజియోగ్రఫీ, న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలు రెండూ కావాలి. అందువలన ఇది పెద్ద ఆసుపత్రులకే పరిమితం. పాతబస్తీ వాసులకు రాకపోకలు కూడా సన్నాహాలలో భాగమే. నగర ప్రాకారపు దర్వాజాలలో నేటికీ నిలిచి ఉన్న రెండింటిలో ఒకటైన దబీర్‌పురా దర్వాజా పరిసరాలను ఉదాహరణగా తీసుకోవచ్చును. దబీర్‌పురా ఎం.ఎం.టి.ఎస్. స్టేషను నుండి తరువాతి స్టేషను మలక్‌పేట. అక్కడ మెట్రో రైలు ఎక్కితే పంజగుట్ట వరకు మారకుండా వెళ్ళవచ్చును. నిజాం వైద్య విజ్ఞాన సంస్థ అక్కడే ఉన్నది. 1955లో స్థాపించిన మెహదీ నవాజ్ జంగ్ కాన్సర్ ఆసుపత్రి రెడ్‌హిల్స్‌లోను, ఉస్మానియా ఆసుపత్రి అఫ్జల్‌గంజ్‌లోను ఉన్నాయి. సలహాలకు, పరీక్షలకు వెళ్ళడానికి రైలు అనుకూలమే గాని, చికిత్స ముగిసి తిరిగి వచ్చేటప్పుడు రోగి మెట్లు ఎక్కి దిగకుండా వాహనంలో రావడం మేలు.

మొహర్రం పదవ రోజున దబీర్‌పురాలోని బీబీ కా అలావా నుండి చాదర్‌ఘాట్ వరకు బీబీ కా ఆలం ఊరేగింపు సాగుతుంది. ఆ దారిలో వాహనాలను మళ్ళిస్తారు. గోళాలు తెప్పించిన తరువాత తేదీ మార్చడం కష్టం కనుక ఇటువంటి రోజులను ముందే వైద్యునికి చెప్పాలి.

ఇంటికి వచ్చిన తరువాత

రోగి దగ్గరకు వెళితే కాన్సర్ అంటుకుంటుందని, కంచం గ్లాసు వేరు చేయాలని కొందరు భయపడతారు. కాన్సర్ అంటువ్యాధి కాదు. బీటా కణాలు శరీరం దాటి బయటకు రావు. వాటి వలన పుట్టే స్వల్పమైన ఎక్స్-కిరణాలు మాత్రమే బయటకు వస్తాయి. కనుక రోగిని వెలివేసినట్లు ఒంటరిగా ఉంచనవసరం లేదు. అందరితో కలిసి భోజనం చేయవచ్చును. పాత్రలు, బట్టలు మామూలుగా కడిగితే చాలు.

ఆసుపత్రి చెప్పిన కొద్ది రోజులు, సాధారణంగా మూడు నుండి ఏడు రోజులు, పసిపిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకోకుండా, గర్భిణీలకు ఒక మీటరు దూరంలో ఉండాలి. మంచం వేరుగా ఉండాలి. ఒకే గదిలో ఎక్కువమంది నిద్రించే ఇళ్ళలో పిల్లల పడకను గదికి అవతలి వైపు మార్చడం సులభమైన మార్గం. మొదటి 24 గంటలు మరుగుదొడ్డిలో నీరు బాగా పోసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

అలసట, వికారం, ఆకలి మందగించడం, కొద్దిపాటి నొప్పి రెండు మూడు వారాలు ఉండవచ్చును. నల్లటి విరేచనాలు, తీవ్రమైన కడుపునొప్పి, ఆయాసం, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. రేడియేషన్ వలన కాలేయం దెబ్బతింటే కామెర్లు, పొట్టలో నీరు సాధారణంగా నాలుగు నుండి ఎనిమిది వారాలకు కనిపిస్తాయి. అందుచేత మొదటి వారం బాగానే గడిచినా తరువాతి పరీక్షలు మానకూడదు.

ఫలితాలు, పరిమితులు

2017లో వెలువడిన ఫ్రాన్సు దేశపు సారా పరిశోధనలోను, 2018లో ఆసియా పసిఫిక్ దేశాల సర్వ్‌నిబ్ పరిశోధనలోను ఈ చికిత్స సొరాఫెనిబ్ మాత్రల కంటే ఆయుర్దాయాన్ని పెంచలేదు. దుష్ప్రభావాలు మాత్రం తక్కువగా ఉన్నాయి. 2021లో ప్రచురించిన డోసిస్ఫియర్-01లో కణితికి తగినట్లు మోతాదు లెక్కకట్టినపుడు ఫలితాలు మెరుగుపడ్డాయి. అదే సంవత్సరం లెగసీ అధ్యయనం 8 సెంటీమీటర్ల లోపు ఒకే కణితి ఉన్న 162 మందిలో మంచి ఫలితాలను చూపింది. దాని ఆధారంగా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గాజు గోళాలకు కాలేయ కాన్సర్ విషయంలో పూర్తి అనుమతి ఇచ్చింది.

చికిత్స ఉద్దేశం అందరికీ ఒకటి కాదు. కొందరిలో కణితిని పూర్తిగా నశింపజేయడం, కొందరిలో శస్త్రచికిత్సకు లేదా మార్పిడికి దారి చేయడం, మరికొందరిలో వ్యాధిని కొంతకాలం అదుపులో ఉంచడం లక్ష్యం. తమ రోగి విషయంలో ఇందులో ఏది లక్ష్యమో మొదటి దశకు ముందే వైద్యుని అడిగి తెలుసుకోవడం కుటుంబానికి అన్నింటికంటే ముఖ్యమైన సన్నాహం.

ఇవి కూడా చూడండి

* కాలేయం
* కాన్సర్
* సిర్రోసిస్
* హెపటైటిస్-బి
* దబీర్‌పురా