బంజరు అన్న కొండ ఎలా పచ్చబడింది?

మన బారువ దగ్గర సముద్రంలో కలిసే మహేంద్రతనయ తెలుసు కదా? ఆ నీళ్లు ఎక్కడివి? ఒడిశా వైపు మహేంద్రగిరి కొండలవి. వాలు మీద గడ్డీ చెట్టూ ఉంటే వాన నేలలోకి ఇంకుతుంది, ఏరు నెమ్మదిగా పారుతుంది. లేకపోతే మట్టిని కూడా ఊడ్చుకుని ఒక్కసారే దిగిపోతుంది.

మరి బోడిగా అయిపోయిన కొండ మళ్లీ పచ్చబడుతుందా? జవాబు మన రాష్ట్రంలోనే ఉంది. అనంతపురం అంటే కరువు సీమ. అక్కడ చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వాళ్ల మిత్రులు టింబక్టు కలెక్టివ్ మొదలుపెట్టారు. చేతిలో ఉన్నది 32 ఎకరాల పాడైన నేల. వాళ్లు చేసిన పెద్ద పని ఏంటంటే, నిప్పు పడకుండా, మేకలు పడకుండా కాపలా కాయడం!

అంతకుముందు అక్కడ కనిపించేది మేకలు పెద్దగా ముట్టని తంగేడు లాంటివే. కాపలా పెట్టాక ముందు గడ్డి లేచింది. గడ్డి వాన వేగాన్ని ఆపింది, మట్టి నిలిచింది. తర్వాత కొట్టేసిన మొద్దుల నుంచి చిగుళ్లు వచ్చాయి. పైన చెట్టు పోయినా కింద వేరు బతికే ఉంది మరి! పక్షులు తెచ్చిన విత్తనాలు మిగతా పని చూసుకున్నాయి.

ఇది చూసి చుట్టుపక్కల ఊళ్లు కలిశాయి. అలా కల్పవల్లి పుట్టింది, 7,000 ఎకరాలకు పైగా కొండలు. అక్కడ మేతను పూర్తిగా ఆపేయలేదు. గొర్రెల కాపరులు కూడా ఊరివాళ్లే కదా! ఎండాకాలం మంటలు ఆపారు. ఇళ్లు కప్పే బోద గడ్డి పెరిగింది, వాగుల్లో ఈత చెట్లు లేచాయి.

కానీ ఇక్కడే ట్విస్ట్. రెవెన్యూ రికార్డులో ఆ కొండలు అప్పటికీ బంజరే! 2010 ప్రాంతంలో గాలిమరలు వచ్చాయి. వాటి కోసం కొండల్ని తవ్వి రోడ్లు వేశారు.

ఈ మాట మనకు కొత్త కాదు. పక్కనే సోంపేట బీల. చేపలు, మేత, వరికి నీళ్లు ఇచ్చే తంపర నేల. దాన్ని కూడా పనికిరాని భూమి అనే చూపించారు. థర్మల్ ప్లాంట్ వద్దన్న జనం మీద 2010 జులై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు పర్యావరణ అనుమతి రద్దయింది.

శిస్తు రాని నేలను బంజరు అనడం బ్రిటిష్ కాలం లెక్క. ఆ లెక్కలో మేత, గడ్డి, నీళ్లు ఎక్కడా కనపడవు. అందుకే మీ ఊరి కొండని ఎవరైనా బంజరు అంటే, ఒక్క మాట అడగండి: ఎవరికి బంజరు?