వాడిన కెమెరాకు కట్టే ధర

ఖరీదైన డిజిటల్ కెమెరా బాడీ నాలుగైదేళ్లు వాడి అమ్మకానికి పెడితే కొన్న ధరలో సగం కూడా రావడం కష్టం. దానికి తగిలించిన మంచి లెన్స్‌కు మాత్రం పదేళ్ల తర్వాత కూడా గిరాకీ ఉంటుంది. ఫిల్మ్ రోజుల్లో ఈ రెండింటి మధ్య ఇంత అంతరం లేదు. డిజిటల్ కెమెరా వచ్చాకే ఇది ఏర్పడింది.

ఫిల్మ్ కెమెరాలో బాడీ పని కొద్దిపాటిదే. వెలుతురు చొరబడకుండా చూడటం, షట్టర్ తెరిచి మూయడం, రీలు జరపడం. ఫొటో నాణ్యతను తేల్చేవి లెన్సూ ఫిల్మూ. కోడక్, ఫ్యూజీ కంపెనీలు మెరుగైన ఫిల్మ్ తెచ్చినప్పుడల్లా ఇరవై ఏళ్ల నాటి కెమెరాకూ ఆ మేలు దక్కేది. అందుకే 1954లో వచ్చిన లైకా ఎం3, 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ దశాబ్దాల పాటు చేతులు మారుతూ వచ్చాయి. డిజిటల్‌లో ఫిల్మ్ స్థానాన్ని సెన్సర్ తీసుకుంది, అదీ బాడీలోనే బిగుసుకుపోయింది. మెరుగైన సెన్సర్ కావాలంటే కెమెరానే మార్చాలి.

వృత్తి ఫొటోగ్రాఫర్ల కోసం అమ్మకానికి వచ్చిన తొలి డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ 1991 నాటి కోడక్ డీసీఎస్. నికాన్ ఎఫ్3 బాడీకి 1.3 మెగాపిక్సెల్ సెన్సర్ అమర్చి దాన్ని తయారు చేశారు. ఫొటోలు దాచే 200 మెగాబైట్ల హార్డ్‌డిస్క్ వేరే పెట్టెలో ఉండేది. ఆ పెట్టెను భుజానికి తగిలించుకుని తిరగాల్సి వచ్చేది. డిస్క్‌లో పట్టేవి 156 ఫొటోలు. ధర 20,000 డాలర్ల పైమాటే. మొత్తం 987 మాత్రమే అమ్ముడయ్యాయి. పనిముట్టుగా దాని విలువ త్వరలోనే పోయింది. ఈనాడు దాన్ని అడిగేవారు సేకరణకర్తలూ మ్యూజియంలూ.

డిజిటల్ కెమెరాను వార్తాపత్రికల్లో నిలదొక్కుకునేలా చేసింది 1999లో నికాన్ తెచ్చిన డీ1. 2.7 మెగాపిక్సెల్ సెన్సర్, గట్టి లోహపు బాడీ, 5,000 డాలర్లకు పైగా ధర. నాలుగేళ్లకే, 2003లో, కెనాన్ 300డీ బాడీ 899 డాలర్లకు వచ్చింది. అందులో 6.3 మెగాపిక్సెల్ సెన్సర్ ఉంది. గట్టిదనంలో, వేగంలో డీ1కు అది సాటిరాదు. కానీ సెకండ్‌హ్యాండ్ డీ1 కొనాలనుకున్నవాడికి 899 డాలర్లకే రెట్టింపు పిక్సెళ్ల కొత్త కెమెరా వారంటీతో సహా దొరకసాగింది. అప్పుడు స్థిరపడిన సూత్రం ఇప్పటికీ చెల్లుతోంది: వాడిన బాడీ ధరను తేల్చేది, ఈరోజు అదే పని చేసే కొత్త బాడీ ధర.

కంపెనీల అగ్రశ్రేణి కెమెరాల మీదే ఈ దెబ్బ గట్టిగా పడింది. కెనాన్ 2002లో 11.1 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మ్ కొలత సెన్సర్ ఉన్న) 1డీఎస్‌ను సుమారు 8,000 డాలర్లకు అమ్మింది. 2005లో అదే కంపెనీ 12.8 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ 5డీని 3,299 డాలర్లకు ఇచ్చింది. నికాన్‌లోనూ అదే జరిగింది. 2008 డిసెంబరులో 24.5 మెగాపిక్సెల్ డీ3ఎక్స్ సుమారు 8,000 డాలర్లు. 2012లో ప్రకటించిన 36 మెగాపిక్సెల్ డీ800 ధర 3,000 డాలర్లు. తాజా కెమెరాకు అత్యధిక ధర పెట్టినవారే అత్యధికంగా నష్టపోయారు.

స్టూడియోల్లో వాడే, కెమెరా వెనక తగిలించే మీడియం ఫార్మాట్ సెన్సర్ భాగాల, అంటే డిజిటల్ బ్యాక్‌ల నష్టం ఇంకా పెద్దది. ఫేజ్ వన్ 2008లో ప్రకటించిన 60 మెగాపిక్సెల్ పీ65+ ధర 40,000 డాలర్ల స్థాయిలో ఉండేది. 2019లో ఫ్యూజీఫిల్మ్ 102 మెగాపిక్సెల్ జీఎఫ్ఎక్స్ 100ను 10,000 డాలర్లకు తెచ్చింది. దాని సెన్సర్ కొలతలో చిన్నదే అయినా, పాత బ్యాక్‌లు అడిగేవారు బాగా తగ్గిపోయారు.

లెన్స్ కథ వేరు. గాజుకు సెన్సర్‌లా ఏటేటా కాలం చెల్లదు. దాని ధర మౌంట్‌ను, అంటే లెన్స్‌ను బాడీకి బిగించే అమరికను బట్టి నడుస్తుంది. 1987లో కెనాన్ పాత ఎఫ్‌డీ మౌంట్‌ను వదిలి ఈఎఫ్ మౌంట్‌కు మారింది. ఎఫ్‌డీ మౌంట్‌కూ ఫిల్మ్‌కూ మధ్య ఉండాల్సిన దూరం 42 మిల్లీమీటర్లు, ఈఎఫ్‌లో 44. ఆ రెండు మిల్లీమీటర్ల వల్ల పాత లెన్స్ కొత్త బాడీ మీద దూరపు దృశ్యాన్ని ఫోకస్ చేయలేదు, మధ్యలో అదనపు గాజు పెడితే తప్ప. ఎఫ్‌డీ లెన్సులు చవకైపోయాయి. 2008లో పానాసోనిక్ జీ1తో మిర్రర్‌లెస్ కెమెరాలు మొదలయ్యాక పరిస్థితి మారింది. అద్దం లేకపోవడంతో బాడీ పలచబడి, మామూలు అడాప్టర్ పట్టేంత చోటు దొరికింది. 2013లో సోనీ ఏ7 ఫుల్‌ఫ్రేమ్‌లోకీ దీన్ని తేవడంతో పాత లెన్సులకు మళ్లీ గిరాకీ వచ్చింది. 2018లో కెనాన్ ఆర్‌ఎఫ్‌కు, నికాన్ జెడ్‌కు మారినప్పుడు కంపెనీలే అడాప్టర్లు ఇచ్చాయి. అందుకే ఈసారి పాత లెన్సుల ధర తగ్గినా పూర్తిగా పడిపోలేదు.

సరుకును పరీక్షించడానికీ ఒక పద్ధతి ఉంది. వ్యాపారి ముందుగా లెన్స్‌లోకి టార్చి వేసి, సాలెగూడు పోగుల్లాంటి ఫంగస్ ఉందేమో చూస్తాడు. విశాఖపట్నం, చెన్నై, ముంబయి లాంటి తేమ ఊళ్ల సరుకుకు ఈ పరీక్ష తప్పనిసరి. తర్వాత స్క్రూల తలలు చూస్తాడు. గీతలు పడి ఉంటే బాడీని ఎవరో విప్పినట్టే. ఆపైన షట్టర్ కౌంట్, అంటే షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందన్న లెక్క. కెనాన్ 5డీ మార్క్ 2 షట్టర్‌కు కంపెనీ చెప్పిన ఆయుష్షు 1,50,000 క్లిక్కులు, 1డీ ఎక్స్‌కు 4,00,000. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఈ లెక్క తీసిన ఫొటో ఫైల్లోనే నమోదవుతుంది. కెనాన్‌లో చాలా మోడళ్లకు వేరే సాఫ్ట్‌వేర్ కావాలి.

మోడల్‌కు ఉన్న పేరు కూడా ధరలో చేరుతుంది. 2012లో వచ్చిన నికాన్ డీ600 సెన్సర్ మీద మచ్చలు పడుతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. 2014లో కంపెనీ షట్టర్‌ను ఉచితంగా మార్చి ఇచ్చింది. అప్పటి నుంచి షట్టర్ మార్చిన డీ600, మార్చనిది వేర్వేరు సరుకులయ్యాయి. 2009 నాటి లైకా ఎం9లో సెన్సర్ మీది గాజు తుప్పులా చెడిపోయే లోపం బయటపడింది. లైకా చాలా కెమెరాలకు కొత్త సెన్సర్ వేసింది, తర్వాత ఆ సెన్సర్లే దొరకకుండా పోయాయి. అందుకే సెన్సర్ మార్చినట్టు రుజువున్న ఎం9కు ఎక్కువ ధర పలుకుతుంది.

భారతదేశంలో వీటికి తోడు బిల్లు, బాక్స్, వారంటీ చూస్తారు. విదేశం నుంచి విడిగా తెచ్చిన బాడీకి ఇక్కడి కంపెనీ వారంటీ సాధారణంగా వర్తించదు కనుక ధర తగ్గుతుంది. పన్ను ప్రభావమూ ఉంది. 2018 డిసెంబరులో డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించారు. కొత్తది చవకైతే పాతదీ దిగాల్సిందే. వాడిన వస్తువును రూపం మార్చకుండా తిరిగి అమ్మే వ్యాపారి, తనకు మిగిలే తేడా మీదే పన్ను కట్టే వీలుంది. హైదరాబాద్ కోఠి, ఢిల్లీ చాందినీ చౌక్ కెమెరా బజార్లలో కొత్త సరుకు పక్కనే పాతదీ చేతులు మారుతుంటుంది. పెళ్లిళ్ల పని పట్టే ఫొటోగ్రాఫర్లు కొత్త బాడీకి మారినప్పుడు పాతది చిన్న స్టూడియోలకో, కొత్తగా పనిలోకి దిగిన కుర్రాళ్లకో చేరుతుంది.

గత పదేళ్లలో ధరలు దిగే వేగం తగ్గింది. సెన్సర్ల అభివృద్ధి మందగించడంతో అయిదేళ్ల నాటి బాడీ కూడా నేటి పనికి చాలుతోంది. స్మార్ట్‌ఫోన్ల దెబ్బకు జపాన్ పరిశ్రమ సంఘం లెక్కల్లో కెమెరాల సరఫరా 2010 నాటి 12 కోట్ల పైచిలుకు నుంచి 2023లో 77 లక్షలకు పడిపోయింది. కొత్తవి తగ్గితే చేతులు మారేవీ తగ్గుతాయి. 2020లో 1,399 డాలర్లకు వచ్చిన ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100వీ, సోషల్ మీడియా మోజుతో, సరఫరా కొరతతో, 2022-23లో వాడినది కూడా కొత్త ధరను మించి అమ్ముడైంది. అది మినహాయింపే. పరీక్షలూ మారుతున్నాయి: 2021 నాటి నికాన్ జెడ్9లో యాంత్రిక షట్టరే లేదు. అలాంటి బాడీలకు షట్టర్ కౌంట్ ఇక అరుగుదలకు కొలత కాదు.

కొనేవాడికి ఈ చరిత్ర చెప్పేది ఒకటే. బాడీ మీద పెట్టిన డబ్బును ఖర్చుగా రాసుకోవాలి, సంపాదనతో రాబట్టుకోవాలి. తిరిగి అమ్మి రాబట్టుకోవాలంటే లెన్స్ మీద పెట్టాలి, అదీ కంపెనీ ఇంకా వదిలిపెట్టని మౌంట్‌లో.